ఎల్-3, ఎల్-4 నడుమ

ఏజెంట్ అంతయ్యను చంపినదానికి చప్పుడు లేదు, వాసన లేదు. పేరుకు రంగు మందే గానీ, చూడబోతే రంగు కూడా లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో నవనాడి స్పైన్ సెంటర్ అని ఒక స్కానింగ్ కేంద్రం ఉండేది. ఒక విదేశీ ముఠా ఏజెంట్‌ను పట్టుకోవడానికి అంతయ్య అక్కడికి నడుం నొప్పి పేషెంట్ వేషంలో వెళ్ళాడు. వేషం పెద్దగా కట్టే పని పడలేదు. పాపం, అతనికి నిజంగానే నడుం నొప్పి. చొక్కా విప్పి గోడ మేకుకు తగిలించాడు. చొక్కా జేబులో ఫోన్ ఆన్‌లో ఉంది. దాని అవతలి కొసన, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కూరగాయల వ్యాన్ లోపల కూర్చొని అతని జూనియర్ మహేందర్ వింటున్నాడు.

ముందు ఒక విదేశీ గొంతు పలికింది. "ది ఏజెంట్ ఈజ్ ఇన్."

వాళ్ళ ఏజెంట్ గదిలోకి వచ్చేశాడన్నమాట! మహేందర్ వ్యాన్‌లోంచే అరిచాడు. "అన్నా, ఎన్కకు సూడు! ఎవడో ఒచ్చిండు!" మేకుకు వేలాడే చొక్కాలో అరిస్తే మనిషికి వినిపిస్తుందా?

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. రేకు బల్ల మీద మడమలు కొట్టుకునే చప్పుడు. మెల్లగా మొదలై, ఆగకుండా, చేటలో బియ్యం చెరిగినట్టు. తరువాత మోకాళ్ళు. తరువాత బల్లంతా. జ్వరం వణుకు అలా ఉండదు, చలి వణుకు అలా ఉండదు. ఇది పాదాల దగ్గర పుట్టి మనిషిలో మెట్లెక్కినట్టు పైకి ఎక్కింది. "మహీ" అని ఒక్కసారి అంతయ్య గొంతు. ఆ తరువాత ఎవరో ఫ్యాన్ ఆపేసిన చప్పుడు.

గుండెపోటు అని తేల్చారు. నిఘా డిపార్ట్‌మెంట్ వాళ్ళు రహస్యంగా సెంటర్ అంతా గాలించారు. ఆ గదిలోకి కొత్త మనిషి వచ్చిన ఆనవాలే లేదు. వచ్చింది మనిషా, గాలా అని మహేందర్‌కు నిద్ర పట్టేది కాదు. పక్క వాటాలో కుట్టుమిషన్ తిరిగితే మడమలు. ఇంట్లో కుక్కర్ మూత కదిలితే మడమలు. అన్నం ముందు కూర్చున్నా తలుపు వైపే చూసేవాడు.

* * *

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి, బళ్ళు మూతబడ్డాయి, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో. చైతన్యపురిలో మూతబడిన ఒక కోచింగ్ సెంటర్ డిపార్ట్‌మెంట్‌కు సేఫ్ హౌస్. చీఫ్ వెంకట్రావు తెనాలి వైపు మనిషి. విద్యార్థుల బెంచీలో మహేందర్‌ను కూర్చోబెట్టి, బోర్డు మీద సుద్దముక్కతో రాస్తున్నాడు.

"మన డబుల్ ఏజెంట్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చిందయ్యా. పేరు సూర్యప్రభ. వాళ్ళ ముఠాలో పని చేస్తూ మనకి కబుర్లు పంపుతుంది. చదువు చూద్దాం."

మహేందర్ చదివాడు. "ఏజెంట్ ఎంటర్స్ స్పైన్ ఫ్రైడే. బిట్వీన్ ఎల్-3 అండ్ ఎల్-4. ఓల్డ్ ఏజెంట్, న్యూ లేబుల్. కంపారిజన్ ఆన్ కెమెరా. స్టాప్ ఇట్."

"డీకోడ్ చేశాను, విను." వెంకట్రావు కళ్ళజోడు సర్దుకున్నాడు. "స్పైన్ అంటే వెన్నెముక. ఈ ఊరికి వెన్నెముక ఏది? విజయవాడ హైవే! ఎల్ అంటే ఎల్‌బీ నగర్. అక్కడ బస్సులు ఆగే మూడో బే, నాలుగో బే. సమ్మెలో రెండూ ఖాళీ. పాత ఏజెంటే కొత్త పేరుతో అక్కడ దిగుతాడు. ఉద్యమంలో చొరబడి, కెమెరాల ముందు ఏదో ఘోరం చేయించి, ఆ పాపం జనం మీదికి తోస్తాడు. ఎలా ఉంది?"

"అంతయ్యన్నప్పుడు గూడ గిట్లనే మెసేజ్ ఒచ్చింది గద సార్?"

"వచ్చింది. నవనాడిలో ఏజెంట్ లోపలికి వెళ్తాడు, ఆపండి అని. ఆపడానికే కదా అంతయ్యను పంపాం."

"గా గదిలకు ఎవ్వడు రాలే సార్. నేను విన్న. తలుపు సప్పుడు గూడ కాలే."

"తలుపు చప్పుడు చేసి వచ్చేవాడు ఏజెంట్ ఏంటయ్యా?"

శుక్రవారం పొద్దున్నే మహేందర్‌కు వేషం కట్టారు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, నుదుట బొట్టు. కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయిలు అమ్మిపెట్టే కమిషన్ ఏజెంట్. తువ్వాలు అంచులో మైకు. చేతిలో టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో పులిహోర, కింది గిన్నెలో వైర్‌లెస్ సెట్. పులిహోర మాత్రం అసలుదే.

* * *

ఎల్‌బీ నగర్ చౌరస్తా ఆ రోజు చూడాలి. వంటావార్పు! ఉద్యమం వాళ్ళు నడి హైవే మీద రాళ్ళు పెట్టి పొయ్యిలు ముట్టించారు. లారీలు తిరగాల్సిన చోట అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్ళు పప్పు ఎనుపుతున్నారు, ఉద్యోగులు ఉల్లిగడ్డలు కోస్తూ కళ్ళు తుడుచుకుంటున్నారు. జై తెలంగాణ అని ఒక గుంపు, ఉప్పు ఏదని ఒక గుంపు. డప్పులు మోగుతున్నాయి.

డప్పు మంచి చప్పుడే. ఊరంతటికీ ప్రాణం లేచొచ్చే చప్పుడు. కానీ మహేందర్‌కు దాని కిందినుంచి వేరే చప్పుడు వినిపించింది. రేకు మీద మడమలు. మూడో బేకీ నాలుగో బేకీ మధ్య నిలబడి, పొగలోంచి వచ్చే ప్రతి ముఖాన్నీ చూస్తున్నాడు. ఎవరిని చూసినా అంతయ్యను చంపినవాడిలాగే ఉన్నాడు. ఎవరిని చూసినా, ఒక్క క్షణం, అంతయ్యలాగే ఉన్నాడు.

"దండం సారూ. ఏ దుకాణం మీది?"

ఉలిక్కిపడి తిరిగాడు. నెత్తికి చుట్టిన రుమాలు, బరువులు మోసి మోసి వంగిన భుజాలు. ఐలయ్య అతని పేరు. చౌటుప్పల్ అవతలి పల్లెటూరు. భార్యాభర్తలిద్దరూ కొత్తపేట మార్కెట్లో హమాలీలు.

"బత్తాయి దుకాణం," అన్నాడు మహేందర్.

"బత్తాయి దుకాణపోళ్ళు అందరు నాకెర్కనే. మిమ్ముల ఎన్నడు సూడలే."

"కొత్తగ పెట్టిన."

"ఏజెంటేనా?"

మహేందర్ చెయ్యి నడుము దగ్గరి పిస్తోలు మీదికి పోయింది. "ఎందుకు?"

"ఏం లేదు సారూ. ఏజెంటును అడుగుతేనే ఏజెంటు సంగతి తెలుస్తది గద." ఐలయ్య దగ్గరికి జరిగాడు. "మా ఆమె పూలమ్మకు నడుములు గుంజుతున్నయి. మార్కెట్ల ఒక మేడం ఫ్రీ క్యాంపు అని రాసుకపోయింది. గిప్పుడే కారుల తీస్కపోయిన్రు. ఒక్కటే సీటున్నదట, నన్ను దింపిన్రు. నడిసి పోతున్న. గాడ ఏజెంట్ లోపటికి పోతదట. గదేందో జర సమజ్ చేయి."

"పోతదా?" మహేందర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ ఒక్క అక్షరం ఎక్కడో గుచ్చుకుంది. "పోతడు కాదా? ఆడమనిషా ఏజెంటు?"

ఐలయ్య అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఆడమనిషి ఏంది సారూ! సూదిమందు! కాంట్రాస్ట్ ఏజెంట్ అంటరట. ఎన్నుల పోస్తే ఫోటోల నరాలన్ని సక్కగ కనవడ్తయట. గీ నడుం బొక్కలుంటయి సూడు, ఎల్-మూడు, ఎల్-నాలుగు అని, గా రెండిటి నడుమ సూది గుచ్చుతరట నవనాడిల."

మహేందర్‌కు చౌరస్తా గిర్రున తిరిగింది.

ఇంగ్లీషు మాటకు ఆడా మగా తేడా ఉండదు. ఏజెంట్ ఎంటర్స్ అంటే అంతే. తెలుగులో రాసి ఉంటే దిగుతాడో దిగుతుందో క్రియలోనే బయటపడేది. గదిలోకి ఎవరూ రాలేదు. తలుపు తెరుచుకోలేదు. అంతయ్య వెనక్కి తిరిగి చూసినా ఎవరూ కనిపించరు. లోపలికి వచ్చింది అంతయ్య లోపలికే వచ్చింది. అదీగాక, దాన్ని ఆపమని కబురు వస్తే, సరిగ్గా దాని సూది కిందికే అతన్ని పేషెంట్‌గా పంపించారు.

టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె తెరిచాడు. "చీఫ్! టార్గెట్ మనిషి కాదు, మందు! నవనాడికి పోతున్న!"

"ఏం మందయ్యా? పోస్టు వదలొద్దు. ఏజెంట్ ఏ క్షణమైనా దిగుతాడు!"

మహేందర్ మూత పెట్టేశాడు. "ఐలయ్యా, మీ ఆమెను పానంతోని సూడాలంటె నాతోని ఉరుకు."

"ఏమైంది సారూ?"

"ఉరుకు!"

* * *

హైవే నిండా పొయ్యిలు, బండ్లు కదలవు. ఐలయ్య దారి తీశాడు. మార్కెట్ లోపలినుంచి అయితే అడ్డదారి. సమ్మె అని కోసిన బత్తాయిలు ఆగుతాయా? మార్కెట్ సగం నడుస్తూనే ఉంది. ఎత్తుగా పేర్చిన గోతాల బండి ఒకటి వెనకనుంచి దూసుకొచ్చింది.

"పైలం! పైలం!"

మహేందర్ ఏమిటా అని వెనక్కి తిరిగాడు. ఐలయ్య చెయ్యి పట్టి పక్కకు లాగి ఉండకపోతే బండి కింద పడేవాడు.

"గా కేక ఇంటే తిరిగి సూడొద్దు సారూ. దుంకాలె. ఈడ పాలు తాగే పోరడు గూడ దుంకుతడు." రొప్పుతూనే నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మా పూలమ్మకు ఏమైతది సారూ? నిజం చెప్పు."

మహేందర్ పరుగు వేగం పెంచాడు. మడమల చప్పుడు ఎలా చెప్పాలి?

నవనాడి సెంటర్ మెట్ల దగ్గర ఒకామె నిలబడి ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, మల్లెపూలో అత్తరో తెలియని వాసన. సమ్మె పొగలో మసిబారిన ఆ వీధిలో పెళ్ళికి వచ్చినట్టు ఉంది. మహేందర్ కోడ్ మాట పలికాడు.

"బత్తాయి పుల్లగ ఉన్నదా?"

"పుల్లదనం తొక్కలో లేదు," అని జవాబు చెప్పి, ఆ వెంటనే మండిపడింది. "ఇప్పుడా రావడం? ఎల్-త్రీ, ఎల్-ఫోర్ అని అంత స్పష్టంగా పంపా కదండీ! ఎక్కడున్నారు ఇంతసేపూ?"

"బస్టాండ్‌ల."

సూర్యప్రభ కళ్ళద్దాలు తీసింది. ఆమె కళ్ళు కూడా నిద్ర ఎరుగనివే. "అంతయ్య గారప్పుడు కూడా పంపా. ఆపండి అంటే ఆయన్నే పంపారు. బల్ల పక్కనే నిలబడి చూశానండీ. ఏమైనా అంటే మెడ మీద కత్తి." మెట్ల పైకి ఒకసారి చూసింది. "వినండి, టైమ్ లేదు. వెన్నులో పోసే ఏజెంట్లు మూడు రకాలు. వెనకటిది నూనెలాంటిది. మూకుడుకు జిడ్డు పట్టినట్టు జన్మంతా నరాలకు పట్టుకునేది, అందుకే మానేశారు. రెండోది ఉప్పు జాతి. అయానిక్ అంటారు. చేతి రక్తనాళంలోకి ఎక్కిస్తే పర్లేదు. వెన్నులో పడిందా, పుండు మీద ఉప్పే. నరాలు పాదాల దగ్గర్నుంచి ఎగిరెగిరి పడతాయి. మూడోది చక్కెర నీళ్ళలాంటిది, నాన్-అయానిక్. వెన్నుకు అదే భద్రం. అది మన దగ్గరా తయారవుతుంది, ఈ ముఠా దగ్గరా తయారవుతుంది."

"మరి అంతయ్యన్నకు ఏది పోసిన్రు?"

"మన లేబుల్ ఉన్న సీసాలో ఉప్పు జాతిది నింపి పోశారు. రిహార్సల్ అన్నమాట. ఇవాళ అసలు షో. ఢిల్లీలో ప్రభుత్వ మందుల కొనుగోలు కమిటీ టీవీ ముందు కూర్చుంది. పొద్దున వీళ్ళ మందుతో ఒకామెకు చేశారు, నవ్వుతూ లేచి వెళ్ళింది. ఇప్పుడు మన లేబుల్ మందుతో పూలమ్మకు. ఆమె బల్ల మీద కొట్టుకోవడం కమిటీ చూడాలి. రేపటినుంచి దేశంలో ప్రతి ఆసుపత్రీ వీళ్ళ దగ్గరే కొనాలి."

ఐలయ్యకు అందులో సగమే అర్థమైంది. ఆ సగమే చాలు. మెట్లు ఎక్కేశాడు.

* * *

గది చల్లగా ఉంది. పూలమ్మ తలుపుకు వీపు పెట్టి, కడుపులో బిడ్డలా ముడుచుకొని పడుకుంది. వీపు మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మధ్య గుండ్రటి కంత, ఆ కంతలో సూది. సూదికి సిరంజి బిగించి, పిస్టన్ మీద బొటనవేలు పెట్టి కూర్చున్నాడు డాక్టర్ క్రాస్నిక్, ముఠా నాయకుడు. గోడకు కెమెరా.

"రండి, రండి," అన్నాడు క్రాస్నిక్, బడిపుస్తకాల తెలుగులో. "ఆ కెమెరాకు కళ్ళే ఉన్నాయి, చెవులు లేవు. మీరు బంధువులలాగా నిలబడండి. ఒక్క అడుగు వేసినచో నేను నొక్కెదను."

ముందే చేరిన ఐలయ్య పక్కన మహేందర్ అడుగు గడప మీదే ఆగింది. పిస్తోలు తీస్తే వేలు నొక్కుకుంటుంది. కాల్చినా నొక్కుకుంటుంది. ఎదురుగా పూలమ్మ పాదాలు. బరువులు మోసి పగిలిన మడమలు, వెండి మెట్టెలు. రేకు బల్ల మీద కదలకుండా ఉన్నాయి. గదిలో అంతయ్య ఉన్నట్టే అనిపించింది. ఆ మేకుకు ఇంకా అతని చొక్కా వేలాడుతున్నట్టే, దాని జేబులోంచి ఎవరో అరుస్తున్నట్టే.

"ఎవలొచ్చిన్రు?" అంది పూలమ్మ, కదలకుండా. "కదలొద్దన్నరు. మెడ గుంజుతున్నది."

"మాట్లాడుకొనుడు," అని నవ్వాడు క్రాస్నిక్. "వీడ్కోలు చెప్పుకొనుడు. నాకు మీ సంప్రదాయములన్నియు తెలియును."

ఊరికి పోయే బిడ్డకు, బండెక్కే చుట్టానికి, ఇక్కడివాళ్ళు చెప్పే వీడ్కోలు మాట ఒకటుంది. జాగ్రత్త అని దాని అర్థం. క్రాస్నిక్‌కు దాన్ని ఎవరో పాఠం చెప్పే ఉంటారు. అతనికి పాఠం చెప్పినవాళ్ళెవరూ ఎన్నడూ బత్తాయి గోతాలు మోసి ఉండరు.

మహేందర్ తల దించుకున్నాడు, ఓడిపోయినవాడిలా. క్రాస్నిక్ మర్యాదగా తల ఊపాడు. మహేందర్ ఊపిరి నిండా తీసుకొని, గోతాల బండి వెనక తరుముకొస్తున్నట్టు కేక పెట్టాడు.

"పైలం!"

పూలమ్మ తిరిగి చూడలేదు, ఆలోచించలేదు. దుమికింది.

ఆకుపచ్చ గుడ్డతో సహా బల్ల అవతల నేల మీద పడింది. సూది ఊడి గాలిలో తిరిగింది. క్రాస్నిక్ బొటనవేలు నొక్కనే నొక్కింది, కానీ మందు సన్నని ధారగా ఎగిరి స్టీలు పళ్ళెంలో పడింది. అతను కోటు జేబులో చెయ్యి పెట్టేలోగా ఐలయ్య రెండు కాళ్ళూ దొరకబుచ్చుకొని, బస్తాను ఎత్తినట్టు భుజానికెత్తి, బస్తాను వేసినట్టే నేలకేశాడు. మహేందర్ బేడీలు వేశాడు.

"నా మీద రుజువేమిటి?" కింద పడ్డా క్రాస్నిక్ గొంతు తగ్గలేదు. "ఆ సీసా మీద లేబుల్ మీ దేశముది!"

వాళ్ళ వెనకే మెట్లెక్కిన సూర్యప్రభ కెమెరా ముందుకు వచ్చింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సంచిలోంచి ఎర్ర లిప్‌స్టిక్ తీసి మూత విప్పింది. లోపల రంగు లేదు, చిన్న బ్యాటరీ, రెండు రాగి తీగలు, కొసన గోరంత బల్బు. ముందు సంచిలోంచే మన ఫ్యాక్టరీ సీలు ఊడని అసలు సీసాను తీసి కెమెరాకు చూపించి, తెరిచి, తీగలు ముంచింది. బల్బు వెలగలేదు. తరువాత పళ్ళెంలో పడ్డ మందులో ముంచింది. బల్బు ఎర్రగా వెలిగింది. ఉప్పు నీళ్ళలో కరెంటు పారుతుంది, చక్కెర నీళ్ళలో పారదు. చెవులు లేని కెమెరాకు ఆ వెలుగు చాలు. ఢిల్లీలో కమిటీ కుర్చీల్లోంచి లేచిందట.

"ఏ ఏజెంట్ భద్రమో పోల్చి చూడ్డానికి ఇంత బల్బు చాలు కదరా," అందామె, కెమెరాకు కాదు, క్రాస్నిక్‌కు. "మనుషుల వెన్నులెందుకు?"

* * *

అయినా భయం తీరలేదు. సూది ఊడే ముందు ఒకటి రెండు చుక్కలు లోపలికి జారి ఉంటే? దవాఖానలో డాక్టరమ్మ పూలమ్మను కదలకుండా పడుకోబెట్టింది. "వస్తే పాదాల్లో వస్తుంది. పొద్దుగూకే దాకా చూడాలి. ఆ తరువాత గండం గడిచినట్టే."

మహేందర్ మంచం చివర స్టూలు వేసుకొని కూర్చున్నాడు. పాదాల మీది నుంచి కళ్ళు తీయలేదు. బయట రోడ్డు మీద డప్పులు. ఎండ కిటికీ దాటి గోడెక్కింది. సూర్యప్రభ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, ఆమె కూడా పాదాలే చూసి వెళ్ళిపోయింది.

"ఏంది సారూ," అన్నాడు ఐలయ్య, ఉండబట్టలేక. "జమానా సంది మా ఆమె కాళ్ళనే సూస్తున్నవు?"

"సూడనియ్యి," అంది పూలమ్మ కళ్ళు మూసుకొనే. "పెండ్లైన కాన్నుంచి నువ్వయితె సూడలే."

అప్పుడు ఆమె కుడి పాదం బొటనవేలు కదిలింది.

మహేందర్ ఎగిరి లేచాడు. స్టూలు వెనక్కి పడింది. బొటనవేలు మళ్ళీ కదిలింది. పాదం పైకి లేచింది. అతని నోట అంతయ్య పేరే వచ్చింది.

పూలమ్మ ఆ పాదంతో రెండో పాదాన్ని పరపరా గోక్కుంది. "దోమలు పాడుగాను. సర్కారు దవాఖానల గిదొక్కటే ఫ్రీ."

ఐలయ్య పకపకా నవ్వాడు. మహేందర్ నవ్వలేదు. మంచం పట్టీ పట్టుకొని, తల ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఐలయ్యకు కారణం తెలియలేదు గానీ, రుమాలు విప్పి అతని చేతిలో పెట్టాడు. పొద్దు గూకింది. పూలమ్మ గురక పెట్టింది. పాదాలు పాదాల్లాగే ఉన్నాయి.

చీఫ్ వెంకట్రావు చీకటి పడేదాకా మూడో బేకీ నాలుగో బేకీ మధ్యే కాపు వేసి, వంటావార్పు వాళ్ళు పెట్టిన పప్పన్నం తిని వచ్చాడు. జరిగింది విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంతయ్యను పంపిన సంతకం తనదే కదా. చివరికి లేచి, సాక్ష్యం సీసాను ఇనుప పెట్టెలో పెట్టించి, ఈ ఏజెంట్ ఈసారి ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పించుకోకూడదని చెప్పి, తుపాకీతో ఒక సెంట్రీని కాపలా పెట్టాడు.

సెంట్రీ సెల్యూట్ కొట్టి, పెట్టె వైపు ఒకసారి చూసి, మెల్లగా అడిగాడు. "సార్, తప్పించుకుంటే కాల్చాలా, తుడవాలా?"